తీసివేసిన ఊపిరి

నేను రాళ్ళు నూరే మనిషిని. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఇరవై ఒక్క ఏళ్ళపాటు ఖగోళ ప్రయోగశాలలో కూర్చుని, అరచేతిలో పట్టే కల్వంలో రాళ్ళు వేసి నూరాను. మా ఊరి ఆడవాళ్ళు "చెంగమ్మ కొండ మీద సైంటిస్టులకి పచ్చడి నూరుతుందంట" అని ఎగతాళి చేసేవాళ్ళు. చేస్తే చేశారు. నేను నూరిన పొడి లేకపోతే ఏ చుక్క చుట్టూ ఏ మట్టి ఉందో చెప్పే మొనగాడు మా ప్రయోగశాలలో ఒక్కడూ లేడు.

ఆ నూరుడు సంగతి ముందు చెబుతాను. లేకపోతే మా తమ్ముడి సంగతి మీకు అర్థం కాదు.

వయసైపోయిన నక్షత్రాలు తమ ఒంట్లోని పదార్థాన్ని ధూళిగా ఊదేస్తాయి. ఆ ధూళి చుక్క వేడికి కాగి, మన కంటికి ఆనని పరారుణ కాంతిని విడుస్తుంది. పొయ్యి మీంచి దించిన పెనం ఎర్రగా లేకపోయినా చెయ్యి దగ్గర పెడితే సెగ తెలుస్తుంది చూడండి, అట్లాంటిదే. టెలిస్కోపు ఆ సెగని పట్టి గీతగా గీస్తుంది. ఒక్కో ఖనిజానికి ఆ గీత ఒక్కో చోట పైకి లేస్తుంది. పుస్తకాల్లో క్వార్ట్జ్ అని రాసే మన పలుగురాయికి పన్నెండున్నర మైక్రాన్ల దగ్గర రెండు మూపురాలు పక్కపక్కన లేస్తాయి. అయితే ఏ మూపురం ఏ రాయిదో తెలియాలంటే, ముందు ఆ రాయిని ఇక్కడ నూరి, దాని గీత తీసి దాచుకోవాలి. అక్కడే నా పని.

ఆకాశంలో ధూళి రేణువు పొగ రేణువంత సన్నగా ఉంటుంది. నేనూ అంత మెత్తగా నూరాలి. నూరే బల్ల మీద దుమ్మును బయటికి లాగే ఫ్యాను ఒకటి బిగించారు. అది వేస్తే మాకు కావలసిన మెత్తటి పొడే ముందు ఎగిరిపోయేది. మూడు రోజులు నూరింది కళ్ళెదుట గోడకి పోతుంటే ఏడుపు రాదా? అందుకని ఫ్యాను ఆపేసి, మూతికి గుడ్డ కట్టుకుని నూరేదాన్ని. ఆపొద్దని ఎవరూ అనలేదు. ఆ పొడిని మేమంతా నక్షత్ర ధూళి అని పిలుచుకునేవాళ్ళం. డబ్బా మీద చీటీ కూడా అదే పేరుతో అంటించేవాళ్ళం.

కొండకి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మా ఊరు పలుగుమిట్ట. అక్కడ పలుగురాయిని పిండి చేసే మిల్లు ఉంది. ఊళ్ళో మగవాళ్ళలో సగం మందికి అదే పని. నా తమ్ముడు పెంచలయ్య కూడా అందులోనే. వాడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేనే, బళ్ళో వేసింది నేనే, సుబ్బరత్నని చూసి పెళ్ళి చేసింది నేనే. మొగుడు పోయి, పిల్లలు లేని దాన్ని. నాకున్నది వాడొక్కడు.

మా వీధిలో మగాడికి నలభై దాటితే దగ్గు పట్టుకుంటుంది. నలభై అయిదుకి మంచం పడతాడు. ఆస్పత్రిలో టీబీ అని మందులిస్తారు. మింగీ మింగీ చివరికి పోతాడు. అది టీబీ కాదనీ, ఊపిరితిత్తుల్లో పలుగుపొడి పేరుకుందనీ తేలేసరికి కర్మకాండలు కూడా అయిపోయి ఉంటాయి.

ఒకసారి మా వీధిలో చలమయ్య మామ పోతే సెలవడగడానికి వకుళ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మా ప్రయోగశాలకి పెద్ద. ఏం జబ్బు అని అడిగారు. చెప్పాను. ఇప్పటికి మా వీధిలో ఎంతమంది పోయారో కూడా చెప్పాను. కిటికీలోంచి కిందికి చూశారు. అక్కణ్ణించి మిల్లు మీద తెల్లటి దుమ్ము కనిపిస్తుంది.

"చెంగమ్మా, ఆరువందల కాంతి సంవత్సరాల దూరంలో పలుగురాయి ఉందో లేదో చెబుతున్నాం. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మనిషి రొమ్ములో ఉందో లేదో చెప్పలేమా?" అన్నారు.

"మీరు తలుచుకుంటే ఎందుకు చెప్పలేరు మేడమ్!" అన్నాను. ఉబ్బెయ్యడానికి అనలేదు. నిజంగానే నమ్మి అన్నాను.

రెండేళ్ళు పట్టింది. మనిషి ఒక గొట్టంలోకి పది నిమిషాలు ఊదాలి. ఊపిరితిత్తుల అడుగునుంచి వచ్చే సన్నటి తుంపరలు బంగారు పూత పూసిన చల్లటి రేకు మీద పడి ఆరిపోతాయి. ఆ రేకుని నక్షత్ర ధూళిని చూసే పరికరంలోనే పెడితే, లోపల పలుగుపొడి ఉన్నవాడికి ఆ రెండు మూపురాలూ లేస్తాయి. వాటి ఎత్తుని బట్టి ఒక అంకె. పది లోపయితే ఆకుపచ్చ చీటీ, భయం లేదు. పది నుంచి పాతిక దాకా పసుపు చీటీ. వెంటనే ధూళి పని మానేస్తే బతుకుతాడు. పాతిక దాటితే ఎర్ర చీటీ. దానికి మందు లేదు.

ఒక్క చిక్కుండేది. ఊపిరిలో ధూళి ఒక్కటే ఉండదుగా. నీరు, ఉప్పు, తిన్న తిండి, తాగిన నీళ్ళు అన్నీ గీతలో అడ్డం పడతాయి. వాటిని తీసెయ్యడానికి ఖగోళం వాళ్ళకి ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. టెలిస్కోపుని ఒకసారి చుక్క మీదికి తిప్పుతారు, ఒకసారి ఆ చుక్క పక్కనే ఉన్న ఖాళీ ఆకాశం మీదికి తిప్పుతారు. మొదటి గీతలోంచి రెండో గీతని తీసివేస్తే మిగిలేది చుక్కది. ఖాళీ ఎంత దగ్గరగా ఉంటే తీసివేత అంత బాగా కుదురుతుంది.

"మనకీ ఒక ఖాళీ ఆకాశం కావాలి," అన్నారు మేడమ్. "వీళ్ళ ఊరే అయి ఉండాలి. అదే నీళ్ళు, అదే బియ్యం. మిల్లుకి మాత్రం పోయి ఉండకూడదు." అని నా వైపు చూసి నవ్వారు.

"మిల్లు గేటు లోపలికి కాలు పెట్టలేదు మేడమ్ నేను," అన్నాను గర్వంగా. ఆ మాటలో అబద్ధం లేదు.

అట్లా నేను ఖాళీ ఆకాశాన్నయ్యాను. శిబిరం పెట్టిన ప్రతి పొద్దునా ముందు నేను ఊదేదాన్ని. తరవాత వచ్చిన వాళ్ళందరి గీతల్లోంచీ నా ఊపిరిని తీసేసేవాళ్ళు. మొదటి రోజు మేడమ్ సరదాకి తనూ ఊదారు. ఆవిడ గీతలో మూపురాలు ఉండాల్సిన చోట రెండు గుంటలు పడ్డాయి.

"నా ఊపిరి సున్నా కంటే శుభ్రమన్నమాట!" అని నవ్వారు. "తీసివేత కాస్త ఎక్కువైనట్టుంది. సున్నా కింద ధూళి ఉండదుగా." ఆ తరవాత సున్నాకి కింద ఏమొచ్చినా చీటీ మీద సున్నా అనే పడేట్టు ప్రోగ్రాం రాయించారు.

మొదటి శిబిరానికి పెంచలయ్య నీట్‌గా తల దువ్వుకుని వచ్చాడు.

"ఏందక్కా, నీ మిషను కొరకదు గదా?"

"కొరికితే ముందు నీ నోరే కొరుకుద్ది. వాగకుండా ఊదరా."

ఊదాడు. చీటీ బయటికొచ్చేదాకా నా గుండె నా దగ్గర లేదు. అప్పటికి వాడు మిల్లులో చేరి ఎనిమిదేళ్ళు. చీటీ వచ్చింది. ఆకుపచ్చ. సున్నా. నేను అందరి ముందూ వాడి వీపు మీద ఒక్కటి చరిచాను.

"చూశావంట్రా అబ్బయ్యా! నా ఊపిరి ఎంత శుభ్రమో నీదీ అంత శుభ్రం!"

ఆ వారమే మా ప్రయోగశాలలో వాచ్‌మన్ ఉద్యోగం ఖాళీ అయింది. శిబిరానికి ముందే నేను మేడమ్‌తో మాట్లాడి పెట్టాను. మా తమ్ముడికి ఇప్పించండి, ఆ మిల్లులోంచి బయటపడతాడు అని. ఆవిడ సరేనన్నారు. ఇంటికెళ్ళి చెబితే వాడు చెయ్యి కడుక్కుంటూ నవ్వాడు.

"ఇప్పుడెందుకక్కా? సున్నా వచ్చినోణ్ణి, గేటు కాడ కుర్చీ యేసుకుని కూకోమంటావా? మేస్త్రీని చేస్తామంటుండారు, పౌడర్ షెడ్డుకి."

పౌడర్ షెడ్డు అంటే రాయిని చివరిసారి పిండి చేసే చోటు. అక్కడ ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడడు. మా చీటీలు మొదలయ్యాక మిల్లువాళ్ళొక నియమం పెట్టుకున్నారు. ఆకుపచ్చ చీటీ ఉన్నవాళ్ళనే పౌడర్ షెడ్డులోకి తీసుకుంటారు. పసుపు వాళ్ళని లారీలకి మారుస్తారు. అందరూ మంచి పద్ధతి అనుకున్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. గట్టి ఊపిరి ఉన్నవాడు తట్టుకుంటాడు గదా అని.

సుబ్బరత్న మాత్రం, "వదినా, నువ్వైనా చెప్పు. కొండ మీద పనైతే నాకు నిద్ర పడుతుంది," అంది.

"వాడిష్టం లేవే. మిషన్ సున్నా చూపించిందిగా," అన్నాను.

గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. చెవి మెలిపెట్టి లాక్కుపోయి ఉండాల్సింది, చిన్నప్పుడు బడికి లాక్కుపోయినట్టు. చెయ్యలేదు. ఆ సున్నా చూశాక నా భయం ఎగిరిపోయింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు.

రెండో ఏడు రెండు వచ్చింది. వాడు మిల్లులో మేస్త్రీ. మా మిషను పేపర్లో పడింది. వేరే జిల్లాల వాళ్ళు మాకూ కావాలని వచ్చారు. ఏడాదికోసారి మా ఊరికి ఎక్స్‌రే బండి వచ్చేది, దాన్ని ఆపేశారు. ఊదితే తేలిపోయే దానికి బండెందుకని. మిషన్ పక్కన నిలబడి నేను ఫొటో దిగాను. ఆ ఫొటో కట్టించి పెంచలయ్య వాళ్ళింట్లో పెట్టుకున్నాడు.

మూడో ఏడు వాడు దగ్గుతూ వచ్చాడు. ఊదడం మధ్యలో రెండు సార్లు ఆగాడు. తొమ్మిది వచ్చింది.

"ఏందక్కా, ఫెయిలైపోతుండానా?"

"పది దాకా పాసేరా సన్నాసీ. ముందా బీడీలు మానెయ్. ఆ దగ్గు బీడీలదే."

వాడు సిగ్గుపడి నవ్వాడు. బీడీలు మానేశాడు కూడా. దగ్గు మానలేదు. ఆస్పత్రికి పోతే టీబీ పరీక్ష చేసి ఏం లేదన్నారు. ఊపిరితిత్తుల ఫొటో తీద్దామా అంటే వాడు జేబులోంచి ఆకుపచ్చ చీటీ తీసి చూపించాడట. డాక్టరు అది చూసి, అయితే అక్కర్లేదని దగ్గు మందు రాసిచ్చాడు.

ఆ ఏడాదే వకుళ మేడమ్ ఒక ముసలి నక్షత్రం వెంట పడ్డారు. మంచుకొండల్లో ఉన్న టెలిస్కోపుతో దాని ధూళిని చూశారు. పలుగు గుర్తు దొరుకుతుందని ఆవిడ ఆశ. గీత వచ్చింది. మూపురాలుండాల్సిన చోట రెండు గుంటలున్నాయి. ఆవిడకి తిండి సయించలేదు. పరికరం పాడైందన్నారు, ప్రోగ్రాం తప్పన్నారు, నేను నూరిన పొడినే అనుమానించారు. నాకు ఒళ్ళు మండింది. "కావాలంటే మీ ఎదురుగానే మళ్ళీ నూరతాను, చూడండి," అన్నాను. మళ్ళీ నూరాను కూడా, ఫ్యాను ఆపేసి.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని నా గదికొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"తప్పు చుక్కది కాదు చెంగమ్మా. ఖాళీది! మేం ఖాళీ ఆకాశం అనుకున్న చోట పలచటి పలుగుధూళి మబ్బు ఉంది. ఎవరూ అటు చూడనే లేదు. ఆ ధూళిని చుక్కలోంచి తీసివేస్తున్నాం. చుక్కలో పలుగే లేదు పాపం, అందుకని సున్నా కిందికి పోయింది. ఎంత తెలివితక్కువ పని చూడు! ఖాళీ నిజంగా ఖాళీయేనా అని ముందు చూసుకోవాలా వద్దా?"

ఆవిడ నవ్వుతున్నారు. నేనూ నవ్వబోయాను.

"మేడమ్," అన్నాను. "మొదటి శిబిరం రోజు మీరు ఊదితే గుంటలు పడ్డాయి, గుర్తుందా?"

ఆవిడ నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లిగా పోయింది. నన్ను చూశారు. బల్ల మీద కల్వాన్ని చూశారు, దాని అంచున తెల్లగా పేరుకున్న పొడిని చూశారు. ఫ్యాను స్విచ్ చూశారు. దాని మీద బూజు పట్టి ఉంది.

"ఇది ఎన్నాళ్ళుగా వెయ్యడం లేదు?"

"మొదటి నుంచీ మేడమ్. పొడి ఎగిరిపోద్దని."

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. ఇద్దరం మిషన్ గదికి నడిచాం. ముందు ఆవిడ ఊదారు. ఆఫీసులో పనిచేసే ముగ్గురిని పిలిచి ఊదించారు. ఎన్నడూ రాళ్ళు ముట్టనివాళ్ళు. తరవాత నేను ఊదాను. నాలోంచి వాళ్ళని తీసివేశారు. తెర మీద ఆ రెండు మూపురాలు లేచాయి. ఇరవై ఏళ్ళు వాటిని చూస్తూ బతికిన దాన్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇరవై రెండు.

మేడమ్ ఏదో అంటున్నారు. నాకు వినపడలేదు. నా తలలో కూడిక నడుస్తోంది. తొమ్మిదికి ఇరవై రెండు కలిపితే ముప్పై ఒకటి. పెంచలయ్యకి ముప్పై ఒకటి. పాతిక దాటితే ఎర్ర. దానికి మందు లేదు.

నాకూ పసుపు చీటీ వచ్చిందన్న సంగతి సాయంత్రం బస్సెక్కేదాకా నాకు తట్టనే లేదు.

మర్నాటినుంచి నాలుగు రోజులు తలుపులేసుకుని కూర్చున్నాం. మూడేళ్ళలో నేను ఊదిన రేకులన్నీ డ్రాయర్లో భద్రంగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే మళ్ళీ కొలిచాం. మొదటి ఏడు నా అంకె పద్దెనిమిది. రెండో ఏడు ఇరవై. మూడో ఏడు ఇరవై రెండు. అవి ఊరివాళ్ళందరికీ తిరిగి కలిపాం. మూడు వందల నలభై మంది. ఆకుపచ్చ చీటీలు జేబులో పెట్టుకుని తిరుగుతున్న వాళ్ళలో తొంభై ఎనిమిది మంది ఎర్ర. అందులో సగం మంది పౌడర్ షెడ్డు వాళ్ళు, ఆకుపచ్చ ఉందని మిల్లు ఏరి మరీ పంపినవాళ్ళు. మేడమ్ ఒక్కో పేరుకీ కలుపుతూ మధ్యలో లేచి బయటికెళ్ళి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నారు.

పెంచలయ్య మొదటి చీటీ దగ్గరికొచ్చాం. చీటీ మీద సున్నా. లోపల దాచిన అసలు అంకె సున్నాకి మూడు కింద. పద్దెనిమిది కలిపితే పదిహేను.

పదిహేనంటే పసుపు. ధూళి పని మానేస్తే బతికే అంకె. ఆ వారమే కొండ మీద కుర్చీ ఖాళీగా ఉంది.

నేను తల బల్లకేసి కొట్టుకున్నాను. మేడమ్ నా జుట్టు పట్టుకుని ఆపారు. "నువ్వు కాదు చెంగమ్మా, నేను. ఖాళీని ఎంచింది నేను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా ఊపిరితో పోల్చి చూసుకుని ఉంటే..." అని ఆవిడా ఏడ్చారు. ఆవిడ ఏడుపుతో నాకేం పని? ఆవిడ ఆ ఊరివాళ్ళకి సైంటిస్టు. నేను అక్కని.

పైవాళ్ళు ముందు ఉత్తరం రాద్దాం, కమిటీ వేద్దాం అన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. నేనసలు ఆగలేదు. శుక్రవారం రెండు గంటలకి మిల్లులో షిఫ్టు మారే వేళకి గేటు దగ్గరికెళ్ళాం. కొత్త చీటీల కట్ట నా చేతిలో ఉంది. లోపలికి పోయేవాళ్ళూ బయటికొచ్చేవాళ్ళూ గుమిగూడారు. బయటికొచ్చిన వాళ్ళ కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. లారీలు తూచే తిన్నె ఎక్కి చెప్పాను.

"మీకిచ్చిన చీటీలు తప్పు. నా ఊపిరి శుభ్రమని మీ ఊపిర్లోంచి దాన్ని తీసేస్తూ వచ్చాం. నా రొమ్ములోనూ పలుగుపొడే ఉండాది. మీ ఒంట్లో ఉన్నదాన్ని మూడేళ్ళుగా నేను కప్పెట్టాను."

చలమయ్య మామ భార్య ముందుకొచ్చింది. ఆమె కొడుకు పౌడర్ షెడ్డులోనే.

"నువ్వు ఏసీ గదిలో కూకునేదానివి గదే. నీకెట్ట వచ్చింది పొడి?"

"నూరాను అత్తా. వీళ్ళు మిల్లులో నూరితే నేను కల్వంలో నూరాను. రాయి ఒకటే."

"మరి ఆ మాట నీకు తెలీదా? ఇరవై ఏళ్ళు చదువుకున్నోళ్ళ మధ్యన ఉండావు, తెలీదా?"

తెలీదు. ఏం చెప్పను? ఆకాశంలో ఉందంటే ధూళి అనీ, మా ఊళ్ళో ఉందంటే జబ్బు అనీ అనుకున్నాం. నా కల్వంలో ఉన్నది ఆకాశానిదని అనుకున్నాం. ఆమె కొడుకు చీటీ అందించాను. ఎర్రది. ఆమె దాన్ని తీసుకుని, నా మొహాన ఉమ్మి, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. తుడుచుకోబుద్ధి కాలేదు. ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ చీటీలిచ్చాను. కొందరు పాత ఆకుపచ్చ చీటీలు చింపి నా కాళ్ళ మీద పోశారు. మేడమ్ పక్కన నిలబడి చేతులు జోడించే ఉన్నారు.

అందరూ పోయాక పెంచలయ్య వచ్చాడు. వాడు అంతసేపూ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చీటీ తీసుకుని చూసుకున్నాడు. ముప్పై ఒకటి.

"ఎర్ర," అన్నాడు.

"ఊఁ."

"ఎన్నాళ్ళక్కా?"

"ఏడాది. రెండేళ్ళు ఉండొచ్చు."

తల ఊపాడు. దగ్గు వచ్చింది. తగ్గేదాకా గోడని పట్టుకున్నాడు. నేను వీపు రాయబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. వాడెప్పుడూ అట్లా చెయ్యలేదు. తరవాత నా కళ్ళలోకి చూసి అడిగాడు.

"మొదటి చీటీ రోజున నాదెంతక్కా? నిజంది."

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. నాలుగు రోజులుగా తెలుసు. పదిహేను అని చెబితే వాడికి ఇంక అంతా తెలిసిపోతుంది. నేను వీపు చరిచి నవ్విన రోజున వాడికి బతికే దారి ఉందనీ, కొండ మీద కుర్చీ ఉందనీ, నా ఊపిరే వాడికి అడ్డం పడిందనీ. మిగిలిన ఏడాదీ అది తలుచుకుంటూ పోతాడు. అది వాడికోసం అనుకున్నానో నాకోసం అనుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. నన్ను ఆ చూపు చూస్తూ వాడు చచ్చిపోతే నేను తట్టుకోలేను. అది మాత్రం నిజం.

"ఇరవై ఏడురా," అన్నాను. "అప్పటికే ఎర్ర."

ఆ ఏడు నా అంకె ఎంతో తెలిసింది మా ఇద్దరికే. మేడమ్ చటుక్కున నా వైపు చూశారు. ఏం అనలేదు.

పెంచలయ్య కాసేపు లెక్క వేసుకున్నాడు. "అయితే వాచ్‌మన్ పనిలో చేరినా ఇంతే గదా?"

"ఇంతేరా."

వాడి భుజాలు కిందికి దిగాయి. మొహంలో బిగింపు వదిలింది. మెడలో తువ్వాలు తీసి, చలమయ్య మామ భార్య నా మీద ఉమ్మింది తుడిచాడు.

"మరింక నీదేం తప్పుందక్కా? ఊరికే ఎందుకేడుస్తుండావు? పద ఇంటికి."

ఎర్ర చీటీ వాళ్ళని మిల్లు మర్నాటినుంచి రానివ్వలేదు. చీటీలు తప్పని మీరే అంటిరి గదా, ఇవి మాత్రం నిజమని ఏంటి నమ్మకం అని నష్టపరిహారం దగ్గర వాదించారు. కేసు ఇంకా నడుస్తోంది. మేడమ్ ఉద్యోగం వదిలేసి, ఆ కేసు కాగితాలు పట్టుకుని కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. పెంచలయ్య పదమూడు నెలలు బతికాడు. ఊళ్ళో ఎవరైనా నన్ను తిడితే మంచంలోంచి లేచి కొట్లాటకి పోయేవాడు. మా అక్క ఏం చేస్తది, నాకు అప్పటికే పుచ్చిపోయి ఉండె అని. ఆ మాట ఎంతమందికి చెప్పాడో. చివరి రోజుల్లో మాట్లాడే ఊపిరి లేనప్పుడు కూడా సుబ్బరత్నని దగ్గరికి పిలిచి, నన్ను విడిచిపెట్టొద్దని చేత్తో సైగ చేశాడు.

ఆమె విడిచిపెట్టలేదు. నేను ఇప్పుడు మెట్లెక్కలేను, వంట దగ్గర నిలబడలేను. సుబ్బరత్న రోజూ మధ్యాహ్నం గిన్నె పట్టుకుని వస్తుంది. పక్కన కూర్చుని అన్నం మెత్తగా పిసికి కలుపుతుంది. దగ్గొస్తే వీపు రాస్తుంది. "ఆయన మాట కోసం కాదు వదినా, నీ తప్పేం లేదని నాకూ తెలుసు," అంటుంది.

పదిహేను అనే మాట నోటిదాకా వస్తుంది. ఈలోగా ఆమె ముద్ద అందిస్తుంది. నోరు తెరిచి తింటాను.